దారి ఎవరి ఇంటి మీదుగా

శివలింగప్ప ఇంకా లింగపూజకు కూర్చోలేదు.

ఎండ వాకిలి దాటి నడవలోకి వచ్చేసింది. చన్నమ్మ పొద్దున కాల్చిన జొన్నరొట్టెలు గంపలో బిరుసెక్కుతున్నాయి. పెద్దాయన పూజ ముగించి విభూతి పెట్టుకుంటే తప్ప ఆ ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. ఇవాళ ఆయన స్నానానికి కూడా లేవలేదు. బజారులో, సొంత దుకాణానికి ఎదురుగా, ఖాళీ గోనెల కట్ట మీద కూర్చుని తన ఇంటి గోడను చూస్తున్నాడు.

గోడ మీద జాజుతో గీసిన ఎర్రటి గీత ఉంది. నిన్న సాయంత్రం తహశీల్ కచేరీ మనుషులు వచ్చి గీసిపోయారు. దుకాణం మొత్తం, పూజగది సగం గీతకు అవతల పడ్డాయి. అవతల పడిందంతా కొత్త దారికి పోతుంది.

"మీ అప్పను లోపటికి రమ్మను," అంది చన్నమ్మ పెద్దకొడుకుతో.

"నేను పిలిస్తే వస్తడా? గీత గీసినోన్ని పిలువమను," అన్నాడు బసవరాజ్.

గీత గీసినవాడు నడవ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతని పెట్టె ఇంకా విప్పలేదు. పరీక్ష ముందటి సెలవులకు రాత్రే బొగ్గుతో నడిచే బస్సు దిగి వచ్చిన సంగమేశ్వర్‌కు ఇంట్లో ఒక్కరు కూడా ఎట్లున్నవని అడగలేదు.

"నేను గోడ మీద గియ్యలేదన్నా. కాగితం మీద గీసిన. పరీక్ష కోసం గీసిన. దాన్ని కచేరీకి ఇచ్చింది నువ్వు."

"అవు, ఇచ్చిన! నా తమ్ముడు నారాయణఖేడ్ మొత్తం కాగితం మీదికి తెచ్చిండని సంబరపడి ఇచ్చిన. తహశీల్దారు ముంగట పరిచి, గిది మావోడు చేసిండని చెప్పుకున్న. నువ్వు మన ఇల్లే తీసేసినవని నాకు కల వచ్చిందా?"

"ఇచ్చేముందు చూసినవ్ గదా."

"చూస్తే ఏం కనబడ్తది దాంట్ల? గీతలు, రంగులు. మంచిగున్నదనుకున్న."

మంచిగా ఉన్నదనే పట్నంలోనూ అన్నారు. యూనివర్సిటీలో ఇంజనీరింగు ఆఖరి ఏడు వాళ్లకు ఈసారి కొత్తగా నగర నిర్మాణం అనే పాఠం పెట్టారు. దాన్ని చెప్పే ప్రొఫెసరు విలాయతులో చదివి వచ్చినవాడు. ఎవరి ఊరిని వాళ్లు కొలిచి, ఇప్పుడెట్లా ఉన్నదో, ముందు ముందు ఎట్లా ఉండాలో గీసుకురమ్మన్నాడు. సంగమేశ్వర్ వేసవి సెలవులంతా టేపు పట్టుకుని బజారులో తిరిగాడు. కందుల కాలంలో నాగల్‌గిద్ద బండ్లు, కల్హేర్ బండ్లు ఒకదానికొకటి ఎదురై పొద్దంతా ఇరుక్కుపోయే ఆ సందులోనుంచి, బీదరు సడక్ దాకా ఒక వెడల్పాటి దారి తీశాడు. ప్రొఫెసరు ఆ పటాన్ని తరగతి గోడకు పెట్టించాడు. హాస్టలులో మిత్రులు చాయ్ తాగించమని వెంటపడ్డారు. ఆ ఉత్సాహంలోనే ఒక ప్రతి ఇంటికి పంపాడు.

చన్నమ్మ గంప మీద గుడ్డ కప్పి, మెల్లగా కొడుకు ముందుకు వచ్చింది.

"సంగూ, ఒక్క మాట చెప్పు. గీసేటప్పుడు గది మన ఇల్లని నీకు ఎర్కేనా?"

"ఎర్కే అవ్వా."

"పూజగది అని గూడ ఎర్కేనా?"

"ఎర్కే."

ఆమె మళ్లీ గంప దగ్గరికి వెళ్లి గుడ్డ సరిచేసింది. అరిచినా బాగుండు అనిపించింది అతనికి.

"దారి ఆడికెళ్లే తిన్నగ వస్తది అవ్వా. మన ఇల్లని పక్కకు జరిపితే, ప్రొఫెసరు ఎందుకు జరిపినవని అడుగుతడు. గదంతా కాగితమే అనుకున్న. ఎవడో వచ్చి నిజంగనే కడ్తడని నేననుకోలె."

"కట్టనిదానికి గంత చదువెందుకురా?" అన్న గొంతు గుమ్మంలోనుంచి వినిపించింది.

శివలింగప్ప లోపలికి వచ్చాడు. ఆయన కొడుకు మొహం చూడలేదు. పూజగది తలుపు దగ్గర ఆగి, లోపలి గోడ మీద కూడా గీసిన జాజు మరకను చూసి, మళ్లీ వెనక్కి తిరిగాడు.

"తహశీల్దారుతోటి నిన్ననే మాట్లాడిన. శుక్రవారం బీదరు నుంచి జిల్లాకు పెద్ద, తాలూక్‌దారు వస్తుండు. గాయన మంజూరు ఇచ్చేదాక ఏదన్న మార్చొచ్చంట. గీసినోడే తప్పు గీసిన అని రాసి దస్తఖత్ పెట్టాలె. దారిని కింది వాడ దిక్కు తిప్పు."

"ఆడికెళ్లి దారి నిల్వదప్పా. పక్కనే నాలా. కింద అంతా రేగడి. వానలు పడితే బండి ఇరుసు దాక దిగుతది."

"వానల సంగతి వానల్ల చూసుకుంటరు."

"ఆడ ఇండ్లున్నయి."

"ఇండ్లు ఏడున్నయి? గుడిసెలు."

గుడిసెలు! సంగమేశ్వర్ గీసిన పటంలో కూడా ఆ చోట అదే మాట రాసి ఉంది.

"గదే చెప్తున్న," అన్నాడు తండ్రి, అతను ఒప్పుకున్నట్టే. "రేపు పోయి దస్తఖత్ పెట్టి రా. పెట్టకపోతే ఆ పెట్టె గట్లనే ఉండనీ. పరీక్ష లేదు, పట్నం లేదు. సొంత ఇల్లు కూలగొట్టేటందుకు నేను చదివిస్తలేను."

"ఇంక ఒక్క పరీక్షనే ఉన్నదప్పా!"

శివలింగప్ప బావి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన నీళ్లు పోసుకుంటున్న చప్పుడు విని చన్నమ్మ గంప మీది గుడ్డ తీసింది. పూజ ముగిశాక అందరూ తిన్నారు.

*

తహశీల్దారు పట్నం మనిషి. మర్యాదస్తుడు. సంగమేశ్వర్‌ను చూడగానే కుర్చీ చూపించి, ఉర్దూలో పలకరించాడు.

"రండి మియా! మీ కోసమే చూస్తున్నాను. ఎంత అందమైన నక్షా! తాలూక్‌దారు సాహెబ్‌కు ఒకసారి చూపించాను. పట్నాన్ని బాగుచేసే ఆరాయిష్ బల్దా వాళ్లు గీసినట్టుందన్నారు."

పటం బల్ల మీద పరిచి ఉంది. నాలుగు మూలలా నాలుగు సిరాబుడ్లు. తన చేతి పని పరాయి బల్ల మీద కనబడితే సంగమేశ్వర్‌కు గర్వం, చిరాకు ఒకేసారి కలిగాయి.

"దీన్ని నేను వాపసు తీసుకోవడానికి వచ్చాను సాహెబ్. ఇది పాఠం కోసం చేసింది. ఊరివాళ్లను ఎవరినీ అడగలేదు. అడగకుండా కట్టకూడదు."

తహశీల్దారు నవ్వాడు. "అడిగితే ఎవరు ఇస్తారు? మీ నాన్నగారు ఇస్తారా? నాకు దారి కావాలి మియా. కందులు దిగే నెలలో బండ్లు ఆగితే సర్కారు జమ ఆగిపోతుంది. దారి మీ ఇంటి మీదుగా పోతుందా, కింది వాడ మీదుగా పోతుందా నాకు పట్టదు. ఎటు చెబితే అటు. దస్తఖత్ మాత్రం మీది ఉండాలి. చదువుకున్నవాడి దస్తఖత్ ఉంటే బీదరులో ప్రశ్నలు వేయరు."

"కింది వాడ మీదుగా వేస్తే ఒక్క వానకు కొట్టుకుపోతుంది."

"అయితే మీ ఇంటి మీదుగానే వేయమంటారా?"

సంగమేశ్వర్ పటం మీదికి వంగాడు. తరగతి గోడ మీద అది కనబడినట్టు ఇక్కడ కనబడటం లేదు. బజారులో ఒక్కొక్క ఇల్లు, ఒక్కొక్క అరుగు, యజమాని పేరుతో సహా రాసి ఉన్నాయి. కింది వాడ దగ్గర పేర్లు లేవు. అడ్డగీతలు కొట్టి, మధ్యలో గుడిసెలు అని రాశాడు. ఆ రెండింటి నడుమ చేతి వెడల్పున తెల్లటి కాగితం. దాని మీద ఏమీ లేదు. ఎటు దారి తీసినా ఆ తెలుపు దగ్గరికి వచ్చి పక్కకు ఒరుగుతోంది.

తహశీల్దారు వేలు కూడా అక్కడే ఆగింది. "ఇక్కడేముంది?"

"దొరగారి మామిడితోట. వేసవిలో కొలవడానికి పోతే కావలివాళ్లు గేటు దగ్గరే ఆపేశారు."

"ఇటునుంచి తీస్తే?"

"ఒక్క ఇల్లు కూడా పోదు. ఎత్తు నేల. తిన్నగా సడక్‌లో కలుస్తుంది."

చెప్పాక కానీ ఆ మాట ఎంత తేలికైనదో అతనికి తట్టలేదు. ప్రొఫెసరు కూడా ఈ తెలుపేమిటని అడిగాడు. కొలవనివ్వలేదు సార్ అంటే సరేనని తల ఊపాడు. అంతటితో అయిపోయింది.

తహశీల్దారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "కొలత ఉన్న చోట నేను దారి వేయగలను. కొలత లేని చోట వేయలేను. కొలత తెచ్చి ఇందులో గీస్తే అది నక్షాలో ఉంటుంది. నక్షాలో ఉన్నదాన్ని తాలూక్‌దారు చూస్తారు. అంతకంటే నేనేమీ అనలేదు. నేల కొలిచే జరీబు గొలుసు మా కచేరీ గిర్దావరు దగ్గర ఉంది. తీసుకుపోండి. నేనిచ్చానని మాత్రం ఎక్కడా అనకండి."

*

గొలుసు భుజాన వేసుకుని పెరటి దారిన ఇంటికి వచ్చేసరికి కొట్టం దగ్గర హనోకు నిలబడి ఉన్నాడు. శివలింగప్ప బావులన్నిటికీ తోలు మోటలు కుట్టేది ఇతనే. కింది వాడలో పెద్దమనిషి. పిలవకుండా ఎప్పుడూ రాడు.

"చిన్న సావుకారి, మా ఇండ్ల మీద గా ఎర్రగీత ఎప్పుడు గీస్తరు?"

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"మీ అన్ననే. మోట కుట్టుడు జల్దీ చెయ్యి, మళ్ల నువ్వు ఏడుంటవో ఏమో అన్నడు."

సంగమేశ్వర్‌కు అన్న మీద ఒళ్లు మండింది. "గట్లేం కాలె. నేను దస్తఖత్ పెట్టలె."

"పెడ్తవా?"

"పెట్ట."

"మరి మీ ఇల్లు పోనిస్తవా?"

సంగమేశ్వర్ గొలుసును భుజం మీంచి దించి గుంజకు తగిలించాడు.

"గా కాగితం నాకు చూపియ్యి ఒకసారి. ఊరంతా దాని గురించే ముచ్చట. మాకైతే ఎవ్వరు చూపియ్యలె."

పెట్టెలోనుంచి తన దగ్గరున్న ప్రతి తీసుకొచ్చి, గడ్డివాము పక్కన నేల మీద పరిచాడు సంగమేశ్వర్. హనోకు గొంతుక్కూర్చున్నాడు. కచేరీ ఏది, దవాఖాన ఏది, నాలా ఏది అని ఒక్కొక్కటి అడిగి తెలుసుకున్నాడు. తరువాత అడ్డగీతల మీదికి వచ్చాడు.

"గిది మా వాడనా?"

"అవు."

"నా ఇల్లేది?"

"గీండ్లనే ఎక్కడనో ఉంటది."

"ఎక్కడనో అంటే? బజార్ల కోమటోళ్ల అరుగు గూడ గీసినవ్. మా ఇంట్లామె పుష్పమ్మ పోయిన ఎండకాలం గోడ పెట్టింది. పెంకులు గూడ ఏసినం. ప్రార్థన ఇల్లున్నది, సొలొమోను ఆడ పిల్లలకు చదువు చెప్తుండు. గవేవి లేవు."

"నేను మీ వాడకు రాలె హనోకు. దూరంకెళ్లి చూసి గీసిన."

"ఎవరన్న వద్దన్నరా?"

"లేదు."

దొర తోటలోకి తనను రానివ్వలేదు. కింది వాడకు తానే పోలేదు. పటంలో రెండూ ఖాళీలే. ఆ ముక్క ఇతని ముందు ఒప్పుకోవడం సంగమేశ్వర్‌కు కష్టమైంది. అందుకే మాట తప్పించి, తోట సంగతి ఎత్తుకున్నాడు. అటునుంచి దారి తీస్తే ఎవరి ఇల్లూ పోదనీ, కొలవాలంటే గొలుసుకు రెండో కొస పట్టే మనిషి కావాలనీ గబగబా చెప్పాడు.

"నువ్వు పడ్తవా?"

హనోకు లేచి నిలబడి పంచె దులుపుకున్నాడు.

"పడితే నీకు మార్కులొస్తయి. నాకేమొస్తయో నీకెర్కలేదా? దొర గడి ముంగట నేను గొలుసు పట్టుకొని నిలబడితే, మళ్ల గీ ఊర్లె నిలబడనిస్తరా?"

"మీ వాడ కోసమే గదా!"

"మా వాడ కోసమైతే మా వాడ కొలువు. వచ్చినవంటే గొలుసు నేనే పడ్త. తోట సంగతి నువ్వు చూసుకో. నీకైతే పట్నమున్నది పోనీకి."

*

మర్నాడు పొద్దున్నే సంగమేశ్వర్ కింది వాడకు పోయాడు. హనోకు అన్న మాట ప్రకారం గొలుసు పట్టాడు. పుష్పమ్మ తన కొత్త గోడ దగ్గర నిలబడి, దాని మందం కూడా రాసుకొమ్మంది. సొలొమోను ప్రతి ఇంటికీ ఎవరి పేరు రాయాలో చెప్పాడు. పని నడుస్తున్నంతసేపూ సంగమేశ్వర్‌కు హాయిగా ఉంది. బజారులోకి రాగానే ఆ హాయి పోయింది. దుకాణాల్లో వాళ్లు మాటలాపి చూశారు.

ఇంట్లోకి అడుగు పెట్టకముందే బసవరాజ్ ఎదురొచ్చాడు.

"గుడిసెలు కొల్వనీకి పోయినవంట! బజార్ల నా మొకం ఎట్ల చూపియ్యాలె? శుక్రవారం రేపే ఉన్నది, దస్తఖత్ పెట్టమంటే గీ పనా?"

"తానం చేసి లోపటికి రా," అంది చన్నమ్మ వాకిట్లో నీళ్లు పెట్టి.

అతను స్నానం చేశాడు. వాదించే ఓపిక లేదు. కంచం ముందు కూర్చున్నాక, పటం తెచ్చి తండ్రి పక్కన పరిచాడు. శివలింగప్ప రొట్టె తుంచుతూనే ఉన్నాడు.

"అప్పా, ఒక్కసారి చూడు. మన ఇల్లు పోకుండ, వాళ్ల ఇండ్లు పోకుండ ఇంకొక దారున్నది. తోటలకెళ్లి."

బసవరాజ్ చేతిలో రొట్టె ఆగిపోయింది. "ఏ తోట?"

"దొర తోట."

"నీకు దిమాగ్ ఖరాబైందా? గడి కందులు మన దుకాణంల పడ్తయి. గా కందులు లేకపోతే దుకాణమెందుకు, ఇల్లెందుకు? గోడ పోతే గోడ కట్టుకుంటం. దొర కోపమొస్తే ఏం కట్టుకుంటం?"

"మరి మొన్నటిసంది గోడ కోసమే గదా అందరు ఏడుస్తున్నరు!"

"అరువకుర్రి. తినేకాడ," అంది చన్నమ్మ.

సంగమేశ్వర్ అయినా ఆపలేదు. నేల వాలు గురించి చెప్పాడు. బండ్లు ఎదురెదురుగా వస్తే ఎంత వెడల్పు కావాలో చెప్పాడు. ఊరు పెరిగితే ఎటు పెరుగుతుందో చెప్పాడు. తరగతిలో ఈ మాటలు చెప్పినప్పుడు అందరూ నోట్సు రాసుకున్నారు. ఇక్కడ తండ్రి పప్పులో రొట్టె ముంచుకుంటున్నాడు. గోడకు చెప్పినా ఇంతేననిపించి అతను చివరికి మానేశాడు.

చేయి కడుక్కుని వచ్చిన శివలింగప్ప పటం మీదికి వంగి చూశాడు.

"తోటలకెళ్లి దారి పడితే గంజు ఏడ పడ్తది?"

"ఏంది?"

"బండ్లు ఆడికెళ్లి వస్తయి. వచ్చినయి ఏడనో ఆగాలె గదా. మాల్ ఏడ దించుతరు?"

"ఇగో, ఈ మూల మీద. ఇక్కడ జాగా ఉన్నది."

"ఎవరి జాగా?"

"సర్కారుదే. పోరంబోకు."

"ఇంకెవరికన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు," అన్నాడు శివలింగప్ప. ఆయన కళ్లలో మొన్నటి నుంచి లేని వెలుగు కనబడింది. "దారి పడ్డంక మొదలు అర్జీ పెట్టేది మనమే. పాత దుకాణంకు దొరకని మూల దొరికింది."

సంగమేశ్వర్ తండ్రిని చూస్తూ ఉండిపోయాడు. వాలు, వెడల్పు, ఊరి పెరుగుదల ఆయనకు ఎక్కలేదు. మూల మీద దుకాణం మాత్రం ఎక్కింది. తన చదువులో ఆయనకు పనికొచ్చింది ఆ ఒక్కటే. అరవాలనిపించింది, నవ్వాలనీ అనిపించింది.

"అప్పా, నేను దుకాణం కోసం చెప్తలేను."

"నువ్వు దేని కోసమన్న చెప్పు. గొలుసు రెండో కొస ఎవరు పడ్తరు?"

"ఎవరు పడ్తలేరు."

"ఉన్నడు మీ అన్న."

"నేను పట్టను!" బసవరాజ్ లేచి దుకాణంలోకి వెళ్లిపోయాడు.

*

శుక్రవారం ఎండ ఎక్కకముందే తండ్రీకొడుకులు మామిడితోట చేరారు. శివలింగప్ప పూజ ముగించి, నుదుట విభూతి పట్టెలు దట్టంగా పెట్టుకుని, తలకు పెళ్లిళ్లకు చుట్టే రుమాలు చుట్టుకొచ్చాడు. దారి పొడవునా ఆయన మాట్లాడింది ఒక్కటే.

"పూజగది సంగతి నేను మరువలె. యాదుంచుకో."

తోట గోడ బయటి వైపునుంచి కొలత మొదలుపెట్టారు. శివలింగప్ప గొలుసు ఇత్తడి పిడిని రెండు చేతులతో పట్టుకున్నాడు. కొడుకు గుంజమంటే గుంజాడు, ఆగమంటే ఆగాడు. తక్కెడ ముందు కూర్చుని బతుకంతా తూకాలు చూసినవాడికి గొలుసు సడలకుండా పట్టడం వెంటనే పట్టుబడింది. గోడ మలుపు దగ్గరికి వచ్చేసరికి గేటు తెరుచుకుంది. గడి గుమాస్తా జగన్నాథ్ బయటికి వచ్చాడు.

"ఏంది శివలింగప్పా గిది? పిల్లగాడైతే తెల్వక వచ్చిండనుకుంట. నువ్వెందుకు?"

"కొలుస్తున్న."

"ఎవరినడిగి?"

శివలింగప్ప గొలుసును ఇంకొంచెం బిగించాడు.

"దొర లోపట్నే ఉన్నడు. చూస్తుండు. ఈ ఏటి కందులు ఇంక గడిల్నే ఉన్నయి. బయటికి తియ్యలె. మళ్ల చెప్పలేదనకు."

తండ్రి చేతిలోని పిడి కిందికి జారడం సంగమేశ్వర్ చూశాడు. ఇక పడేస్తాడు అనుకున్నాడు. నిన్న దుకాణం మూల చూసి మెరిసిన కళ్లకు ఇవాళ కందుల బస్తాలు కనబడకుండా ఉంటాయా?

"అప్పా, నువ్వు ఇంటికి పో. నేనే ఎట్లనో చూసుకుంట."

"నువ్వు నోరు మూసుకో." శివలింగప్ప పిడిని మళ్లీ పైకి తీసి పట్టుకున్నాడు. "జగన్నాథ్, దొరకు చెప్పు. కొలిచేది శివలింగప్ప. పిల్లగాడు రాసుకుంటుండు, గంతే. ఏమన్న అడిగేదుంటే నన్ను అడగమను."

గుమాస్తా ఇద్దరినీ మార్చి మార్చి చూసి లోపలికి వెళ్లాడు. తండ్రీకొడుకులు ఒకరి వంక ఒకరు చూసుకోలేదు.

"ఇంకెంత ఉన్నది?"

"ఈ గోడ కొస దాక."

"మరి గుంజు."

గొలుసు సగం సాగకముందే జగన్నాథ్ మళ్లీ వచ్చాడు. "దొర రమ్మంటుండు."

శివలింగప్ప కదలబోయాడు.

"నిన్ను కాదు. చదువుకున్నాయన ఒక్కన్నే. కాగితం తీసుకొని."

తండ్రి కొడుకు దగ్గరికి వచ్చి, గుమాస్తాకు వినబడకుండా అన్నాడు. "లోపట ఏం చెప్పినా సరే అనకు. కాదని గూడ అనకు. మా అప్పను అడుగుత అను." తరువాత గొలుసు దగ్గరికి తిరిగి వెళ్లి పిడి అందుకున్నాడు. సంగమేశ్వర్ తన కొసను గోడ పక్కన పాతిన గూటానికి తగిలించి లోపలికి నడిచాడు. వెనక గేటు పడింది.

వేసవిలో తాను చూడలేకపోయిన నేల కాళ్ల కింద ఉంది. ఎత్తుగా, గట్టిగా, మొరం నేల. అనుకున్నదానికంటే బాగుంది. దారికి పుట్టినట్టే ఉంది. ఆ సంతోషం తోటలోని దొర బంగళా వరండా దాకా కూడా నిలవలేదు.

వరండాలో దొర పడకకుర్చీలో ఉన్నాడు. ఎదురుగా ఇంకో కుర్చీలో, చాయ్ కప్పు పట్టుకుని, తహశీల్దారు కూర్చుని ఉన్నాడు.

"రండి మియా!" అన్నాడు తహశీల్దారు, మొన్నటి మర్యాదతోనే. తరువాత దొర వైపు తిరిగాడు. "నేను చెప్పలేదా? కొలిచే తీరతాడన్నాను. పూర్తి కొలత ఇవాళ సాయంత్రం తాలూక్‌దారు సాహెబ్ బల్ల మీద ఉంటుంది. తరువాత నా చేతిలో ఏమీ ఉండదు. ఆలోచించుకోండి."

దొర తన చాయ్ కప్పు కింద పెట్టాడు. సంగమేశ్వర్‌ను కింది నుంచి మీది దాకా తీరిగ్గా చూశాడు.

సంగమేశ్వర్‌కు అప్పుడు అర్థమైంది. గొలుసు అప్పనంగా ఎందుకు దొరికిందో, తానిచ్చానని చెప్పొద్దని తహశీల్దారు ఎందుకన్నాడో. ఈ తోట మీదికి దారి రావాలని తహశీల్దారు కోరుకోలేదు. వస్తుందన్న భయం దొరకు పుట్టాలి, అంతే. ఆ భయం ఖరీదు వీళ్లిద్దరూ ఇప్పుడు తేల్చుకుంటారు. అది తేలగానే దారి మళ్లీ కింది వాడకో, తన ఇంటికో తిరిగి వస్తుంది.

"ఏం పిల్లగా," అన్నాడు దొర. "కొలుచుడు అయిపోయిందా, ఇంక ఉన్నదా?"

పటం చుట్ట చంకలో చెమటకు తడుస్తోంది. కాలేదంటే ఇక్కడితో ఆపిస్తారు. అయిందంటే తెమ్మని చేయి చాపుతారు. సరే అనకు, కాదనీ అనకు అన్నాడు తండ్రి. మూడో మాట ఏదని వెతుక్కుంటున్నాడు అతను.

అప్పుడే గోడ అవతలి నుంచి, గొంతు చించుకుని, ఊరంతా వినబడేలా శివలింగప్ప కేకేశాడు.

"సంగూ! పట్టుకొనే ఉండాల్నా, ఇడిచిపెట్టాల్నా?"

ఇప్పుడు ఏం చెప్పినా గోడ అవతలికి కూడా వినబడేలా చెప్పాలి. వరండాలో ఇద్దరూ సంగమేశ్వర్ వైపు చూశారు.